టెన్నిస్ బంతులు ఏరే రోబో: రోలర్ బంతిని తోసేస్తోంది, బెల్టు పక్కకు పోతోంది, బంతులు మధ్యలో ఇరుక్కుంటున్నాయి

మెకానికల్_రెండో_ఏడు (తిరుపతి)
సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. కాలేజీల మధ్య పోటీకి రోబో కడుతున్నాం. నేల మీద పడున్న టెన్నిస్ బంతులను ఏరి, అంచు 500 మి.మీ. ఎత్తులో ఉండే బుట్టలో వెయ్యాలి.

ఇప్పటి అమరిక: చక్రాలు 100 మి.మీ., వాటికి 200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మోటార్లు. ముందు రోలర్ 32 మి.మీ. పీవీసీ పైపు, పొడవు 300. దానికి 12 వోల్టుల 300 ఆర్‌పీఎం జాన్సన్ గేర్ మోటారు నేరుగా తగిలించాం. వెనక బంతులను పైకి మోసే నిలువు కన్వేయర్: పైన కింద 32 మి.మీ. పైపు రోలర్లు, మధ్య దూరం 480, వాటి మీద 150 వెడల్పు రెక్సిన్ బెల్టు. ఎదురుగా 3 మి.మీ. అక్రిలిక్ షీటు. బంతుల దారిని 300 నుంచి 150కి గరాటులా ఇరుకు చేశాం.

సమస్యలు మూడు. రోబో ముందుకు పోతుంటే రోలర్ బంతిని లోపలికి లాక్కోకుండా తోసేస్తోంది. రెక్సిన్ బెల్టు అర నిమిషంలో ఒక పక్కకు జారుకుంటోంది. రెండు మూడు బంతులు ఒకేసారి వస్తే మధ్యలో ఇరుక్కుని మోటారు ఆగిపోతోంది, మోటారుకు కరెంటు ఇచ్చే డ్రైవర్ బోర్డు కాలిపోయేంత వేడెక్కుతోంది. ఇంకా పెద్ద మోటారు పెట్టాలా అన్నలూ?

——

పట్టా_పుల్లీ (రేణిగుంట)
సోమవారం రాత్రి 9:48

మోటారు జోలికి పోవద్దు తమ్ముడూ. ముందు లెక్క చూడు.

రోలర్ ఉపరితల వేగం అంటే చుట్టుకొలతను సెకనుకు తిరిగే చుట్లతో గుణించడం. 32 మి.మీ. పైపు చుట్టుకొలత సుమారు 100 మి.మీ. 300 ఆర్‌పీఎం అంటే సెకనుకు 5 చుట్లు. అంటే సెకనుకు అర మీటరు. మీ చక్రం 100 మి.మీ., 200 ఆర్‌పీఎం. అది సెకనుకు 1.05 మీటర్లు పోతుంది. రోబో పోయే వేగంలో సగం వేగంతో రోలర్ తిరుగుతుంటే బంతిని లోపలికి లాగేదెట్లా? రోబో బంతి మీదికి పోయేది ఎక్కువ, రోలర్ లాక్కునేది తక్కువ. అందుకే తోస్తోంది.

రోలర్ ఉపరితల వేగం రోబో వేగానికి రెండింతలు ఉండేలా చూసుకో. మీకు సెకనుకు 2 మీటర్లు కావాలి. 60 మి.మీ. రోలర్ అయితే దాదాపు 640 ఆర్‌పీఎం. వ్యాసం పెంచడం రెండు రకాలుగా మేలు: వేగం వస్తుంది, బంతి మీదికి ఎక్కే వాలు కూడా తగ్గుతుంది. సన్న రోలర్ బంతిని ఎదురుగా కొట్టినట్టు తగులుతుంది, లావు రోలర్ పైనుంచి తడిమినట్టు తగులుతుంది.

——

వర్క్‌షాప్_మేడం (తిరుపతి)
సోమవారం రాత్రి 10:20

పై లెక్క సరైనదే. దానికి ఇంకొకటి కలపాలి: నొక్కుడు, అంటే రోలర్ కింద బంతి ఎంత నలగాలి అన్నది. రోలర్ అడుగుకు, నేలకు మధ్య ఎంత సందు ఉంచారు?

నియమాల ప్రకారం టెన్నిస్ బంతి వ్యాసం 65.4 నుంచి 68.6 మి.మీ. మధ్య ఉంటుంది, బరువు 56 నుంచి 59.4 గ్రాములు. అంటే కొత్త బంతుల్లోనే 3 మి.మీ. తేడా ఉండవచ్చు. నూగు అరిగిన పాతవైతే ఇంకా చిన్నవి. మీ చేతిలో ఉన్న బంతులన్నింటినీ కాలిపర్‌తో కొలిచి, అన్నిటికన్నా చిన్నదాన్ని ఆధారంగా పెట్టుకోండి. చిన్న బంతి మీద కూడా 6 మి.మీ. నొక్కుడు పడాలి. రోలర్ గట్టిది, నేల గట్టిది అయితే అంత నొక్కుడును బంతి ఒక్కటే భరించాలి, మోటారు మీద భారం పెరుగుతుంది. రోలర్ మెత్తనిదైతే రోలర్, బంతి రెండూ పంచుకుంటాయి.

——

మెకానికల్_రెండో_ఏడు
సోమవారం రాత్రి 10:41

మేడం, సందు 64 పెట్టాం. బంతి 66 కొలిచింది కాబట్టి 2 మి.మీ. చాలనుకున్నాం. మెత్త రోలర్‌కు ఏం వాడాలి? సైకిల్ ట్యూబు తొడిగితే సరిపోతుందా?

——

పట్టా_పుల్లీ (రేణిగుంట)
సోమవారం రాత్రి 11:05

సైకిల్ ట్యూబు పట్టు ఇస్తుంది, మెత్తదనం ఇవ్వదు. ఏసీ బిగించే వాళ్లు రాగి గొట్టాలకు తొడిగే నల్లటి నైట్రైల్ ఫోమ్ గొట్టం తీసుకో. గోడ మందం 9 మి.మీ. రకం 40 మి.మీ. పీవీసీ పైపు మీద ఎక్కిస్తే బయటి వ్యాసం 58 దాకా వస్తుంది. వ్యవసాయ పీవీసీ పైపుకు చెప్పే సైజు బయటి వ్యాసమే, కాబట్టి 40 అంటే బయట 40. ఇంటి ప్లంబింగులో వాడే సీపీవీసీ అట్లా కాదు, ఒక అంగుళం అని అమ్మేది బయట 28.6 మి.మీ. ఉంటుంది. కొనేటప్పుడు ఈ రెండూ కలిపేసుకోవద్దు.

ఫోమ్‌ను పైపు మీద రబ్బరు జిగురుతో అతికించాలి. రెండు వైపులా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు అంటించు. జిగురు లేకుండా వదిలేస్తే లోపల పైపు తిరుగుతుంది, పైన ఫోమ్ నిలబడిపోతుంది. ఫోమ్ ఒంటరిగా తొందరగా చిరుగుతుంది కాబట్టి దాని మీద సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి మెలి తిప్పినట్టు చుట్టు. చుట్టుకు చుట్టుకు మధ్య వేలు సందు వదులు. పట్టు ట్యూబు నుంచి, మెత్తదనం ఫోమ్ నుంచి వస్తాయి.

ఇంకొకటి. రోలర్‌ను ఫ్రేముకు గట్టిగా బిగించొద్దు. రెండు చేతుల మీద వేలాడేలా పెట్టి, కింద ఆపుడు బోల్టు 57 మి.మీ. సందు దగ్గర పెట్టు. పైకి 15 మి.మీ. లేచే వీలుండాలి, కిందికి లాగడానికి రెండు పక్కలా రబ్బరు బ్యాండ్లు. పెద్ద బంతి వచ్చినా, బంతి మీద బంతి ఎక్కినా రోలర్ లేచి దారి ఇస్తుంది, మోటారు ఆగదు.

——

గుజ్జు_ఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)
మంగళవారం ఉదయం 6:30

బెల్టు పక్కకు పోయేదాని గురించి చెప్తా. మామిడి గుజ్జు లైన్లలో బెల్టు సర్దడం రోజూ ఉండే పనే.

చదును బెల్టుకు రెండు గుణాలుండాయి. రోలర్ ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా ఉంటే బెల్టు లావు పక్కకే ఎక్కతాది. రెండో గుణం దీనికి తిరకాసు మాదిరి కనిపిస్తాది: రెండు రోలర్లు సమానంగా లేకుండా ఒక పక్క దగ్గరగా, ఒక పక్క దూరంగా ఉంటే బెల్టు దగ్గరున్న పక్కకు, అంటే వదులు పక్కకు పోతాది. బిగువున్న పక్కకు పోతాదని అందరూ అనుకుంటారు, బోల్టు తప్పు వైపు తిప్పతారు, ఇంకా చెడతాది.

అందుకే పిండిమరలో పుల్లీ నడుమ కొంచెం ఉబ్బు ఉంటాది. బెల్టు ఎటు జారినా ఆ ఉబ్బు మీదికే తిరిగొస్తాది. మీ రోలరుకు పావు మిల్లీమీటరు నుంచి అర మిల్లీమీటరు ఉబ్బు చాలు. కరెంటు టేపు నడుమ భాగంలో రెండు చుట్లు, దాని మీద ఇంకా సన్నగా ఒకటి రెండు చుట్లు వేస్తే వచ్చేస్తాది. ఎక్కువ వేస్తే బెల్టు నడుమ మాత్రం ఆనుకుని అంచులు గాల్లో ఆడతాయి.

ఒక రోలరుకు మాత్రం వెయ్యండి, రెండింటికీ వద్దు. ముందు మూలమట్టం పెట్టి రెండు షాఫ్టుల దూరం కుడి ఎడమ పక్కల కొలవండి. 480 మీద 1 మి.మీ. తేడా ఉన్నా ఉబ్బు ఒక్కటే కాపాడలేదు. రెక్సిన్ అయితే ఇంగో చిక్కు: గుడ్డ నేత కోణంలో కత్తిరించుంటే అది ఒక పక్క ఎక్కువ సాగతాది, దానికి ఏ టేపూ మందు కాదు. అంచుకు సమానంగా నేత దారం పట్టుకుని కత్తిరించాల.

——

పట్టా_పుల్లీ (రేణిగుంట)
మంగళవారం ఉదయం 8:15

అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ పోటీ రోబోకు చదును బెల్టే వద్దంటాను. రవాణాలో ఫ్రేము ఒక పక్క వంగితే మళ్లీ సర్దాలి, మ్యాచికి మ్యాచికి మధ్య అంత టైము ఉండదు. కుట్టుమిషను కింద తొక్కుడు చక్రం నుంచి పైకి పోయే గుండ్రటి బెల్టు గుర్తుందా? అదే పద్ధతి. గాడిలో కూర్చుంటుంది కాబట్టి పక్కకు పోయే మాటే లేదు. తోలుది కాకుండా పాలీయురెథేన్‌ది కావాలి, 5 మి.మీ. రౌండ్ బెల్టు, గట్టిదనం 85 షోర్ ఏ (రబ్బరు లాంటి వాటి గట్టిదనం కొలత). మీటర్ల లెక్కన అమ్ముతారు. కన్వేయర్ సామాన్ల అంగళ్లలో అడుగు, లేకుంటే చెన్నై నుంచి తెప్పించుకో.

గాడి పుల్లీ వ్యాసం గురించి: 85 గట్టిదనం ఉన్న రౌండ్ బెల్టుకు పుల్లీ వ్యాసం బెల్టు మందానికి పదింతలు ఉండాలని లెక్క. 5 మి.మీ. బెల్టుకు 50. 32 మి.మీ. పైపు మీద తిప్పితే ప్రతి చుట్టులో ఎక్కువ వంగి జాయింటు దగ్గర తెగుతుంది.

పొడవు లెక్క: గాడి అడుగు వ్యాసం 45 పెట్టుకో, బెల్టు మధ్యరేఖ 50 మీద పడుతుంది. రెండు పుల్లీలూ 50, దూరం 480. పొడవు = 480 రెండింతలు 960, దానికి ఒక పుల్లీ చుట్టుకొలత 157 కలిపితే 1117. బిగువు కోసం 6 శాతం తగ్గించి 1050. అతుకులో కరిగిపోయేది 3 మి.మీ. కలిపితే 1053 కోయాలి. 75 గట్టిదనం మెత్త రకం దొరికితే 8 నుంచి 10 శాతం తగ్గించు, అది ఎక్కువ సాగుతుంది.

——

గుజ్జు_ఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)
మంగళవారం మధ్యాహ్నం 1:20

రౌండ్ బెల్టుకు నేను అడ్డం చెప్పను. కానీ చదును బెల్టు బంతిని వెడల్పుగా పట్టుకుంటాది, రౌండ్ బెల్టు గీత మాదిరి తగలతాది. ఒక బంతికి కనీసం రెండు రౌండ్ బెల్టులు ఉండాల, లేకుంటే బంతి పక్కకు దొర్లి గోడకు రాసుకుంటాది. టెన్నిస్ బంతి నూగు రాలి బెల్టు మీద పౌడరు పూసినట్టు అవుతాది, అప్పుడు జారతాది. తడి గుడ్డతో తుడిచి, ఆరినాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఇంకోసారి తుడవండి. నూనె, గ్రీజు దగ్గరికే రానీయొద్దు.

——

మెకానికల్_రెండో_ఏడు
మంగళవారం రాత్రి 8:55

రౌండ్ బెల్టుకే పోతాం అన్నా. అతుకు ఎలా వెయ్యాలి? సోల్డరింగ్ ఐరన్‌తో రెండు కొనలు కరిగించి అంటించి చూశాం, లాగితే ఊడిపోయింది.

——

గుజ్జు_ఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)
మంగళవారం రాత్రి 9:40

సోల్డరింగ్ ఐరన్ మొన గుండ్రంగా ఉంటాది, కొన అంతా ఒకే తీరుగా కరగదు. నడుమ కరిగి అంచు కరగకుంటే ఊడిపోతాది. చదునైన వేడి రేకు కావాల.

పాత హాక్సా బ్లేడు తీసుకుని పళ్లు గ్రైండరు మీద అరగదీసి, రెండు పక్కలా మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్దండి. ఇంకోటి, అల్యూమినియం యాంగిల్ 100 మి.మీ. ముక్క రెండుగా కోసి, ఒకే చెక్క మీద ఒకే వరసలో, నడుమ రెండు వేళ్ల సందు వదిలి స్క్రూలు కొట్టండి. యాంగిల్ మూలలో బెల్టు కూర్చుంటే రెండు కొనలు తప్పకుండా ఎదురెదురుగా వస్తాయి. చేత్తో పట్టుకుని అతికేస్తే మెట్టు పడతాది, ఆ మెట్టు గాడిలో తగిలి టకటకమని కొడతాది.

కొనలు కొత్త బ్లేడుతో నిలువుగా కోయాల. హాక్సా రేకు వేడి చేసి, రెండు కొనలనూ రెండు పక్కల నుంచి రేకుకు ఆనించండి. గట్టిగా నొక్కొద్దు, ఆనించి ఉంచితే చాలు. అంచు చుట్టూ చిన్న పూస మాదిరి, ఒకటి రెండు మిల్లీమీటర్లు, పొంగుతాది. ఆ పూస బెల్టు రంగులోనే ఉండాల. లేత గోధుమ రంగు తిరిగితే, పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. ఆ కొన కోసేసి మళ్లా మొదలుపెట్టండి. పూస వచ్చినాక రేకు పక్కకు లాగేసి వెంటనే రెండు కొనలు కలిపి నెట్టండి. అర నిమిషం కదలొద్దు. తరువాత పది నిమిషాలు అట్నే వదిలేయాల, పైకి చల్లబడినట్టున్నా లోపల మెత్తగానే ఉంటాది. కిటికీలు తెరిచి చెయ్యండి, ఆ పొగ మంచిది కాదు.

చల్లారినాక చుట్టూ ఉన్న పూసను గోళ్లు తీసే కట్టరుతో కొరికి, బెల్టు మందానికి సమానం చెయ్యండి. బెల్టును లోపలికి కోయకుండా చూసుకోవాల. పరీక్ష: అతుకు దగ్గర బెల్టును మడిచి వేళ్లతో వత్తండి. తెల్ల గీత కనిపిస్తే అతుకు పనికిరాదు. మంచి అతుకు మడిచినా చుట్టూ ఒకే రంగులో ఉంటాది.

——

వర్క్‌షాప్_మేడం (తిరుపతి)
బుధవారం ఉదయం 7:50

ఇప్పుడు మూడో సమస్య, అసలైనది. బంతులు ఎందుకు ఇరుక్కుంటున్నాయో మోటారు వైపు నుంచి కాకుండా బంతి వైపు నుంచి చూడండి.

ఒక పక్క కదిలే బెల్టు, ఇంకో పక్క కదలని అక్రిలిక్. బంతి ఆ మధ్య దొర్లుతూ పైకి పోతుంది. దాని వేగం బెల్టు వేగంలో సగం. పైన ఒక బంతి, కింద ఒక బంతి రెండూ ఒకే దిశలో దొర్లుతున్నాయి. అవి తాకిన చోట కింది బంతి నెత్తి ఒక వైపు కదులుతుంటే పై బంతి అడుగు దానికి ఎదురు వైపు కదులుతుంది. నూగు మీద నూగు రాసుకుంటుంది. మూడు బంతులు వరుసగా తాకితే ఆ రాపిడి బెల్టు పట్టును మించిపోతుంది, అంతా నిలబడిపోతుంది. మోటారు పెంచితే బెల్టు జారుతుంది లేదా గేరు పళ్లు అరుగుతాయి, బంతులు మాత్రం కదలవు.

రెండో కారణం వేగాల వరస. సెకనుకు 2 మీటర్ల రోలర్, సెకనుకు 1 మీటరు పోయే రోబో అనుకుందాం. రోబో మీద కూర్చుని చూస్తే నేల 1 మీటరు వేగంతో, రోలర్ అడుగు 2 మీటర్ల వేగంతో వెనక్కి వస్తున్నాయి. బంతి ఆ రెండింటి సగటు, 1.5 మీటర్లతో లోపలికి వస్తుంది. మీ 32 మి.మీ. రోలర్ కన్వేయర్‌కూ 300 ఆర్‌పీఎం అనుకుంటే బెల్టు వేగం అర మీటరు, బంతిది అందులో సగం, పావు మీటరు. ముందు తలుపు నుంచి గుంపుగా వచ్చి వెనక సందులో నిదానించే జనం లాగా బంతులు ఒకదానికొకటి ఆనుకుంటాయి. వెనక దశ ఎప్పుడూ ముందు దశకన్నా వేగంగా ఉండాలి, అప్పుడే బంతుల మధ్య ఎడం వస్తుంది.

కాబట్టి అక్రిలిక్ తీసేసి రెండో వైపు కూడా అవే రౌండ్ బెల్టులు పెట్టండి. రెండు వైపులా ఒకే వేగంతో పైకి పోతే బంతి దొర్లదు, కాబట్టి రాసుకోదు. పైగా బెల్టు వేగమే బంతి వేగం. 1.6 నుంచి 1.8 మీటర్లు పెట్టుకోండి.

గరాటు కూడా తీసేయండి. రెండు పక్కలా సమానంగా వాలిన గోడల మధ్య రెండు బంతులు వంతెన కట్టినట్టు నిలబడతాయి. 76 మి.మీ. వెడల్పున్న మూడు దారులు చేసి, మధ్య 3 మి.మీ. గోడలు రెండు పెడితే మొత్తం 234. ముందు రోలర్‌నూ అంతే వెడల్పుకు తగ్గించండి. గోడల ముందు అంచు మొద్దుగా ఉంచవద్దు, కత్తిలా చెక్కండి. లేకపోతే బంతి దాని మీదే నిలుస్తుంది.

——

మెకానికల్_రెండో_ఏడు
బుధవారం ఉదయం 9:02

ఇది అర్థమయ్యాక మిగతావన్నీ అర్థమయ్యాయి మేడం. రెండో వైపు రోలర్ ఎదురు దిశలో తిరగాలి కదా. ఒక రౌండ్ బెల్టును ఎనిమిది అంకెలా మెలివేసి తిప్పొచ్చా?

——

మూడుడీ_ముద్ర (తిరుపతి)
బుధవారం మధ్యాహ్నం 12:35

మెలివేస్తే దాటే చోట బెల్టు తనకు తానే రాసుకుని తెల్ల పొడి రాల్చుతుంది, కొద్ది గంటల్లో సన్నబడుతుంది. దానికన్నా రెండు సమాన గేర్లు పక్క ప్లేటు బయట పెట్టండి. ఒక్కో గేరు పిచ్ వ్యాసం (పళ్లు కలిసే చోటి వ్యాసం) రెండు రోలర్ షాఫ్టుల దూరానికి సమానం కావాలి. మాడ్యూల్, అంటే గేరు పంటి సైజు, 2.5 పెట్టుకోండి, పళ్ల సంఖ్యను 2.5తో గుణిస్తే దూరం వస్తుంది. మాడ్యూల్ 1 లాంటి సన్న పళ్లు త్రీడీ ముద్రణలో నిలవవు.

గాడి పుల్లీలను 40 మి.మీ. పైపు మీద జారే ఉంగరాలుగా ముద్రించండి. లోపల 40.3, గాడి అడుగు 45, అంచు 52. ఒక్కో ఉంగరానికి ఒక ఎం3 స్క్రూ పైపులోకి. షాఫ్టు రంధ్రం నిలువుగా ఉండేలా పడుకోబెట్టి ముద్రించండి, నాలుగైదు గోడ వరసలు, లోపలి నింపుడు 40 శాతం. 608 బేరింగు బయటి వ్యాసం 22, దాని గుంత 22.15 పెట్టి ఒక ముక్క ముద్రించి చూసుకుని అప్పుడు మిగతావి చెయ్యండి. ప్రతి ప్రింటరుకూ ఈ అంకె మారుతుంది.

పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో మూసి పెట్టిన వ్యానులో ఆ వేడి సులువుగా వస్తుంది, బిగించి ఉన్న బెల్టు ఉంగరాన్ని కోడిగుడ్డు ఆకారానికి లాగేస్తుంది. దానికన్నా వేడి తట్టుకునే పీఈటీజీ వాడండి.

——

పట్టా_పుల్లీ (రేణిగుంట)
బుధవారం సాయంత్రం 6:10

మోటారు నుంచి రోలర్‌కు మాత్రం రౌండ్ బెల్టు వద్దు, పళ్ల బెల్టు పెట్టు. హెచ్‌టీడీ 5ఎం, అంటే పంటి నుంచి పంటికి 5 మి.మీ. ఉండే రకం, వెడల్పు 15. దీని పొడవు లెక్క సులువు: రెండు పుల్లీల పళ్లు కలిపి సగం చేసి 5తో గుణించు, దానికి షాఫ్టుల దూరం రెండింతలు కలుపు. పుల్లీలు సమానం కాకపోతే చిన్న సవరణ ఉంటుంది: పిచ్ వ్యాసాల తేడా వర్గాన్ని నాలుగింతల దూరంతో భాగించి కలపాలి.

1000 ఆర్‌పీఎం మోటారు మీద 20 పళ్లు, రోలర్ మీద 32 పళ్లు పెడితే 625 వస్తుంది. 350 మి.మీ. బెల్టు, అంటే 70 పళ్లది, తీసుకుంటే దూరం 109.6. రెండు పుల్లీల్లో ఒకదానికైనా రెండు పక్కలా అంచు ఉండాలి. చిన్న పుల్లీ మీద కనీసం 6 పళ్లు పట్టుకుని ఉండాలి, ఇక్కడ 9 ఉన్నాయి. మోటారు ప్లేటు రంధ్రాలను అటు ఇటు 3 మి.మీ. పొడుగు చెయ్యి. పళ్ల బెల్టును వీణ తీగలా బిగించొద్దు. నడుమ వేలితో నొక్కితే రెండు మూడు మిల్లీమీటర్లు పోవాలి. ఎక్కువ బిగిస్తే గేర్‌బాక్సు ముందు బుష్ అరిగిపోతుంది.

——

సర్క్యూట్_కోడ్ (చంద్రగిరి)
బుధవారం రాత్రి 8:25

ఒక సవరణ అన్నా. మోటారు మీద రాసిన 1000 ఆర్‌పీఎం భారం లేనప్పటి మాట. బంతులు నలిగేటప్పుడు 800 దగ్గర లెక్క వేసుకోవడం మేలు. అప్పుడు 20:32తో రోలర్ 500కే పడుతుంది, 60 మి.మీ. మీద సెకనుకు 1.57 మీటర్లే. 20:24 పెడితే 667 వస్తుంది, 2.09 మీటర్లు. అదే 350 బెల్టుకు దూరం దాదాపు 120. కన్వేయర్‌కూ ఇదే జత సరిపోతుంది: 50 మి.మీ. మీద 667 అంటే 1.75 మీటర్లు, మేడం చెప్పిన హద్దులోనే ఉంది. రెండు చోట్లా ఒకే బెల్టు, ఒకే పుల్లీలు. విడి బెల్టులు రెండు దగ్గర ఉంటే చాలు.

డ్రైవర్ వేడి గురించి. బీటీఎస్7960 డ్రైవర్ బోర్డు మీద 43 ఆంపియర్లు అని రాసుంటుంది, ఆ చిన్న హీట్‌సింక్‌తో అంత ఎప్పుడూ ఇవ్వలేదు. సైట్రాన్ ఎండీడీ10ఏ డ్రైవర్ ఒక్కో మోటారుకు నిలకడగా 10 ఆంపియర్లు ఇస్తుంది, మీ పనికి అది చాలు. ప్రతి మోటారుకూ విడిగా కారు బ్లేడు ఫ్యూజు పెట్టండి. మీ మోటారు ఆగిపోయినప్పుడు ఎంత కరెంటు లాగుతుందో ఒక్క క్షణం మల్టీమీటరుతో కొలిచి, దానికి సగం దగ్గరి ఫ్యూజు వెయ్యండి. కరెంటు సెన్సరు ఉంటే కోడులో ఒక నియమం: కరెంటు హద్దు దాటి 0.3 సెకన్లు నిలిస్తే రోలర్ 0.2 సెకన్లు వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు. మొదలైన వెంటనే వచ్చే కరెంటు ఎగుడును లెక్కలోకి తీసుకోకుండా మొదటి 0.2 సెకన్లు వదిలేయండి.

——

పట్టా_పుల్లీ (రేణిగుంట)
బుధవారం రాత్రి 8:50

నిజమే, 20:24 పెట్టు తమ్ముడూ. నా లెక్కలో భారం వదిలేశాను.

పుల్లీ మోటారు షాఫ్టు మీద జారకుండా గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) చదునైన భాగం మీదే కూర్చోవాలి, గుండ్రం మీద కాదు. స్క్రూ వదులవకుండా పట్టే జిగురు థ్రెడ్‌లాక్, మధ్య రకం, 243 లాంటిది, ఒక చుక్క. ఆ చుక్క పాలీకార్బొనేట్ షీటుకు తగలకూడదు, తగిలిన చోట రంధ్రాల చుట్టూ చీలికలు వస్తాయి. పక్క ప్లేట్లు పాలీకార్బొనేట్ 4 మి.మీ. అయితే మంచిది, అక్రిలిక్ ఒక్క దెబ్బకు పగులుతుంది.

——

గుజ్జు_ఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)
గురువారం ఉదయం 6:15

480 దూరంలో రౌండ్ బెల్టు నడుమ వెనక్కి వంగతాది, అక్కడ బంతి పట్టు వదిలేస్తాది. బెల్టు వెనకాల ఆనుడు పట్టీ పెట్టాల. ఖరీదైన ప్లాస్టిక్ అక్కర్లేదు, వంటింట్లో కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక 10 మి.మీ. మందంది కొని, 12 మి.మీ. పట్టీలుగా కోయించండి. బెల్టుకు అర మిల్లీమీటరు దూరంలో బిగించండి. పైన కింద కొనలు గుండ్రం చెయ్యండి, లేకుంటే బెల్టును గీసేస్తాయి.

పైపు గుండ్రం కూడా చూసుకోండి. అంగట్లో ఎండలో వంచి పేర్చిన పైపు ముక్క వద్దు. లేత్ మీద పెట్టి తిప్పితే అర మిల్లీమీటరుకు మించి ఊగకూడదు.

——

మెకానికల్_రెండో_ఏడు
గురువారం రాత్రి 10:30

డ్రాయింగ్ మొత్తం మార్చాం. ముందు రోలర్ 40 పైపు మీద 9 మి.మీ. ఫోమ్, పొడవు 234, వేలాడే చేతులు, సందు 57. కన్వేయర్‌కు 50 మి.మీ. రోలర్లు నాలుగు, ఒక్కో దారికి ఒక్కో వైపు రెండు రౌండ్ బెల్టులు 35 మి.మీ. ఎడంతో, మొత్తం 12. ఒక్కోటి 1053, అంటే 12.64 మీటర్లు, విడివాటితో కలిపి 15 మీటర్లు కొంటున్నాం. రెండు మోటార్లు 1000 ఆర్‌పీఎం, 20:24, బెల్టు 350, దూరం 120. ఎదురెదురు బెల్టుల సందు 66లో 6 నొక్కుడు తీసేసి 60 పెట్టాం. రోలర్ మీద బెల్టు మధ్యరేఖ వ్యాసం 50, బెల్టు మందం 5 కాబట్టి బయటి వ్యాసం 55. షాఫ్టుల దూరం 60 + 55 = 115. గేర్లు మాడ్యూల్ 2.5, పళ్లు 46. రేపు ముద్రణకు ఇస్తున్నాం.

——

వర్క్‌షాప్_మేడం (తిరుపతి)
గురువారం రాత్రి 11:05

ముద్రణ ఆపండి. ఆ 60 సందులో బంతి మీద నొక్కుడే ఉండదు.

చదును బెల్టుల మధ్య అయితే 66లో 60 అంటే 6 నొక్కుడు. రౌండ్ బెల్టులు 35 మి.మీ. ఎడంతో ఉన్నప్పుడు బంతి వాటి మధ్యకు దిగి కూర్చుంటుంది. బంతి వ్యాసార్ధం 33, బెల్టుది 2.5, రెండు కేంద్రాల దూరం 35.5. ఎడంలో సగం 17.5. 35.5 వర్గంలోంచి 17.5 వర్గం తీసేసి వర్గమూలం చూస్తే 30.9. అందులోంచి బెల్టు వ్యాసార్ధం 2.5 తీసేస్తే 28.4. అంటే బంతి మధ్య నుంచి బెల్టు బయటి గీతకు 33 కాదు, 28.4 మాత్రమే. ఒక్కో వైపు 4.6 మి.మీ. లోపలికి దిగింది. ఏ నొక్కుడూ లేకుండా బంతికి కావలసిన సందు 56.8. మీ 60లో బంతి 3 మి.మీ. వదులుగా ఉండి కింద పడిపోతుంది.

సందు 50 చేయండి. షాఫ్టుల దూరం 105, మాడ్యూల్ 2.5 మీద 42 పళ్లు. గేర్లు ముద్రించే ముందు చెక్క మీద రెండు రౌండ్ బెల్టు ముక్కలు 35 ఎడంతో అతికించి, ఇంకో చెక్క మీద అలాగే చేసి, మధ్యలో మీ దగ్గరున్న చిన్న బంతిని పెట్టండి. రెండు చెక్కల మధ్య స్కేలు పెట్టి, చేత్తో నొక్కుతూ 50కి వచ్చేసరికి బంతి గట్టిగా పట్టుకుందో లేదో చూడండి.

——

మెకానికల్_రెండో_ఏడు
శుక్రవారం ఉదయం 8:20

చెక్కలతో చూశాం మేడం. 57 దగ్గర బంతి జారిపోయింది, 50 దగ్గర తలకిందులు చేసినా పడలేదు. 105, 42 పళ్లకు మార్చి ఫైలు పంపాం.

——

గుజ్జు_ఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)
శుక్రవారం ఉదయం 8:45

పోటీకి పోయే ముందు రోజే నాలుగు రౌండ్ బెల్టులు అతికించి, మడిచి పరీక్ష చేసి సంచిలో పెట్టుకోండి. అవి ఎక్కించేదానికి పక్క ప్లేటు ఒక వైపు నాలుగు బోల్టులతో ఊడొచ్చేట్టు పెట్టుకోండి, అతికిన బెల్టు షాఫ్టు తీయకుండా లోపలికి పోదు.